వాసలోప్పెట్ 90 కి.మీ. మొదటిసారి: స్కీలు, వ్యాక్స్, మొదటి ఎక్కుడు, కటాఫ్‌లు

బెజవాడ_టు_స్టాక్‌హోమ్:
అందరికీ నమస్తే. వచ్చే మార్చిలో స్వీడన్‌లోని వాసలోప్పెట్ స్కీ రేసు, అంటే సేలెన్ నుంచి మూరా దాకా 90 కి.మీ., చేయాలని ఉంది. క్లాసిక్ స్టైల్ (స్కీలను సమాంతరంగా ట్రాకులో జరుపుతూ వెళ్ళడం) వచ్చు, ఒక్కసారిలో 25 కి.మీ. వరకు ఇబ్బంది లేదు. ఎత్తు 172, బరువు 74. పాత రేసు రిజల్ట్ ఏదీ లేదు కాబట్టి చివరి స్టార్ట్ గ్రూపే ఇస్తారట. మూడు సంగతులు తేలాలి: నేరుగా పెద్ద రేసా, ముందు ఓపెట్ స్పోరా (అదే దారిలో పోటీ లేకుండా జరిగేది)? స్కిన్ స్కీలా (అడుగున బొచ్చు పట్టీ ఉన్నవి), వ్యాక్స్ స్కీలా (మైనం పూసేవి)? వెనక గ్రూపులో ఉంటే కటాఫ్‌లు (ఒక్కో చోటు చేరాల్సిన ఆఖరి టైములు) దాటగలమా?

మూరా_మాస్టారు:
లెక్కతో మొదలుపెడదాం. మార్చి మొదటి ఆదివారం ఉదయం 8కి స్టార్ట్. మొత్తం సుమారు 12 గంటలు ఇస్తారు, అంటే సగటున గంటకు 7.5 కి.మీ. వినడానికి తేలిగ్గా ఉంటుంది, అసలు చిక్కు మొదటి 3 కి.మీ.లోనే. సేలెన్ దగ్గరి బర్గా ఊరి మైదానంలో పదిహేను వేల పైచిలుకు మంది నిలబడతారు. వెంటనే ఎక్కుడు మొదలవుతుంది, దారి సన్నబడుతుంది. వెనక గ్రూపులకు ఆ ముక్క దాటడానికే గంట పడుతుంది. మిగిలింది 87 కి.మీ., 11 గంటలు. దారిలో ఏడు కంట్రోళ్ళు (టైము చూసి, తిండీ నీళ్ళూ ఇచ్చే చోట్లు): స్మోగన్, మోంగ్స్‌బోదర్నా, రీస్‌బెరి, ఎవెర్ట్స్‌బెరి, ఊక్స్‌బెరి, హోక్‌బెరి, ఎల్‌ద్రిస్. ఒక్కో చోట 5 నిమిషాలు ఆగినా 35 నిమిషాలు పోతాయి. అప్పుడు కదులుతున్నంతసేపూ గంటకు 8.4 కి.మీ. కొట్టాలి.

కాబట్టి పరీక్ష ఇలా పెట్టుకోండి. జనవరి ఆఖరుకల్లా 45 కి.మీ. ఐదు గంటల్లోపు, మధ్యలో ఎక్కువసేపు ఆగకుండా చేయగలిగితే పెద్ద రేసుకు రండి. లేదంటే ఓపెట్ స్పోర్. అదీ అదే దారి, అదే 90 కి.మీ., అసలు రేసుకు ముందు రోజుల్లో జరుగుతుంది. విజేత అంటూ ఎవరూ ఉండరు, టైము మాత్రం నమోదవుతుంది. ఆ టైముతో మరుసటి ఏడాది మెరుగైన స్టార్ట్ గ్రూపు అడగొచ్చు. మొదటిసారి వచ్చేవాళ్ళలో పదిమందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఓపెట్ స్పోరే.

స్కిన్_పార్టీ:
మాస్టారితో ఏకీభవిస్తాను. స్కీల విషయంలో నా మాట: స్కిన్ కొనండి, వ్యాక్స్ తలనొప్పి పెట్టుకోకండి. పాదం కింద మోహెయిర్ పట్టీ ఉంటుంది, మైనస్ 15 అయినా ప్లస్ 2 అయినా అదే. మొదటి రేసు రోజు తెల్లవారుజామున 4 గంటలకు బస్సులో కూర్చుని "ఏ వ్యాక్స్ వేయాలి" అని ఫోన్లు చేయాల్సిన ఖర్మ ఉండదు.

ఊదా_వ్యాక్స్:
పార్టీ గారూ, సగమే చెప్పారు. మార్చిలో ఆ దారి మీద రాత్రి గడ్డకట్టి, వేల స్కీలు రుద్ది, ట్రాక్ అద్దంలా మెరుస్తుంటే స్కిన్ జారుతుంది. వెంట్రుకలు పట్టుకోవడానికి మంచు గింజకు గరుకు ఉండాలి, ఆ ఐసులో గరుకే ఉండదు. అప్పుడు పట్టేది క్లిస్టర్ (ట్యూబులో వచ్చే జిగట వ్యాక్స్) ఒక్కటే. సున్నా దగ్గర తడి కొత్త మంచులో స్కిన్ నీళ్ళు పీల్చి, తర్వాత నీడలోకి రాగానే గడ్డకడుతుంది. దానికి యాంటీ ఐస్ స్ప్రే ముందు రాత్రే కొట్టి ఆరనివ్వాలి. పొద్దున కొట్టి వెంటనే ట్రాక్ ఎక్కితే లాభం లేదు.

అయినా మొదటిసారికి స్కిన్ తప్పేమీ కాదు. స్కీ గట్టిదనం సరిగ్గా లేకపోతేనే తప్పు. స్కిన్ అయినా, వ్యాక్స్ అయినా కాగితం పరీక్ష చేయకుండా కొనొద్దు. చదునైన నేల మీద రెండు స్కీల మీదా సమానంగా నిలబడండి. పక్కనున్నవాళ్ళు పాదం కింద కాగితం జరపాలి. అది మడమ నుంచి ముందుకు 30–40 సెం.మీ. తేలిగ్గా జరగాలి. ఇప్పుడు బరువంతా ఒక్క కాలి మీదికి తెండి, కాగితం నేలకు నొక్కుకుపోయి కదలకూడదు. రెండు కాళ్ళ మీదే నొక్కుకుపోతే స్కీ మెత్తన, దారంతా బ్రేకు వేసినట్టు రాసుకుంటూ పోతారు. ఒంటికాలి మీద కూడా జరిగితే మరీ గట్టిది, ఎక్కుళ్ళలో ఎన్ని పొరలు పూసినా జారుతుంది. బరువు 74 అన్నారు కదా, దుకాణంలో అదే చెప్పండి. చలికాలం బట్టలు, నడుముకు నీళ్ళ బెల్టు కలిపితే ఇంకో రెండు కిలోలు.

బెజవాడ_టు_స్టాక్‌హోమ్:
ఊదా గారూ, ఇప్పుడున్నవి వ్యాక్స్ స్కీలే, పాతవి. కాగితం పరీక్ష చేశాను, బాగానే ఉన్నాయి. అయితే వ్యాక్స్ వేయడం మొదటినుంచీ చెప్తారా? జారడానికి వేసే గ్లైడ్ వ్యాక్స్, మంచును పట్టుకోవడానికి వేసే గ్రిప్ వ్యాక్స్ రెండూ.

ఊదా_వ్యాక్స్:
సరే, ఓపిగ్గా చదవండి. స్కీ అడుగున మూడు భాగాలు. ముందు భాగం, వెనక భాగం గ్లైడ్‌కి. మధ్యలో మడమ దగ్గర నుంచి ముందుకు సుమారు 60 సెం.మీ. గ్రిప్‌కి. ఆ హద్దులు పక్కన పెన్సిల్‌తో గీసుకోండి, ఊహతో పూయొద్దు.

గ్లైడ్: పాత మురికి ఇత్తడి బ్రష్‌తో ముందు కొస నుంచి వెనక్కి తీయండి. వ్యాక్స్ ఇస్త్రీ పెట్టెకు తాకించి చుక్కలు వేసి, పెట్టెను ఆగకుండా ముందు నుంచి వెనక్కి లాగండి. ఊదా రంగు వ్యాక్స్ (మైనస్ 2 నుంచి మైనస్ 8 వరకు) అయితే 140 డిగ్రీల దగ్గర, ఎర్రది (సున్నా చుట్టుపక్కల) అయితే 130. పొగ వస్తే వేడి ఎక్కువైందని. ఒకేచోట ఆపితే అడుగు మాడి, ఆ ముక్క ఇక వ్యాక్స్ పీల్చదు. ఇల్లు వెచ్చగా ఉంటే కనీసం పావుగంట చల్లారనివ్వండి. ముందు మధ్య గాడిని గుండ్రటి గాడి గీకుడుతో, తర్వాత అడుగును ప్లాస్టిక్ గీకుడుతో గీకండి. ఇక గీకడానికి ఏమీ మిగల్లేదు అనిపించేవరకు గీకాలి. పైన వ్యాక్స్ వదిలేస్తే ఎక్కువ జారుతుందని చాలామంది అనుకుంటారు, అది చలిలో జిగటగా పనిచేస్తుంది. చివరికి నైలాన్ బ్రష్.

గ్రిప్: 100 లేదా 120 నంబరు ఇసుక కాగితంతో గ్రిప్ భాగం గరుకు చేయండి. లేకపోతే 30 కి.మీ.కే వ్యాక్స్ ఊడిపోతుంది. బేస్ బైండర్ (పై వ్యాక్స్ ఊడకుండా పట్టే అడుగు వ్యాక్స్) సన్నటి పొర పూసి ఇస్త్రీతో పరిచి, బయట గట్టిపడనివ్వండి. 90 కి.మీ.కి ఇది తప్పనిసరి, దీన్ని వదిలేసినవాళ్ళే ఎవెర్ట్స్‌బెరిలో వ్యాక్స్ వేసే బల్ల దగ్గర క్యూలో ఉంటారు. దానిపైన గ్రిప్ వ్యాక్స్ నాలుగు నుంచి ఆరు పల్చటి పొరలు. ప్రతి పొరకీ కార్క్‌తో రుద్దాలి. ఒకే దళసరి పొర వేస్తే మంచు అతుక్కుంటుంది.

రంగుల లెక్క, స్విక్స్ కంపెనీ వీ వరుసలో, డిగ్రీల్లో: వీ20 ఆకుపచ్చ మైనస్ 8 నుంచి మైనస్ 15. వీ30 నీలం మైనస్ 2 నుంచి మైనస్ 10. వీ40 మైనస్ 1 నుంచి మైనస్ 7. వీ45 ఊదా సున్నా నుంచి మైనస్ 3. ఇవన్నీ కొత్త మంచుకు. పాతబడి గింజకట్టిన మంచుకు ఒక మెట్టు మెత్తనిది కావాలి.

జారితే వరస ఇది: ముందు గ్రిప్ వ్యాక్స్ పూసిన పొడవు పెంచండి (ముందువైపు ఒక జానెడు), తర్వాత మందం, ఆ రెండూ కాకపోతేనే మెత్తటి రంగు. అందరూ నేరుగా మెత్తటిదానికి దూకుతారు, అక్కడే ఐసింగ్ అవుతుంది. ఐసింగ్ అంటే వ్యాక్స్ మరీ మెత్తబడి మంచు గింజలు దాన్లో గుచ్చుకుని గడ్డలా కట్టడం. కాళ్ళ కింద మంచు ముద్దలతో నడిచినట్టే ఉంటుంది. అప్పుడు గీకుడుతో తీసి, పైన ఒక మెట్టు చలి రంగు పల్చగా కప్పాలి. జేబులో చిన్న గీకుడు, కార్క్, ఒక చలి రంగు డబ్బా. ఈ మూడూ ఉంటే చాలు.

స్కిన్_పార్టీ:
ఇదంతా చదివాక నా ఓటు మరింత గట్టిగా స్కిన్‌కే. 🙂

ఊదా_వ్యాక్స్:
క్లిస్టర్ ఇంకా చెప్పనేలేదు. ట్యూబును జేబులోనో హీటర్ దగ్గరో వెచ్చబెట్టాలి, లేకపోతే తారు డబ్బాలాగా కదలదు. గాడికి రెండువైపులా చేప ముళ్ళలా చిన్న గీతలు పెట్టి బొటనవేలితో పల్చగా పరచండి. గాడిలోకి పోనివ్వకండి. గ్రిప్ భాగాన్ని రెండు కొసలా 5 సెం.మీ. తగ్గించండి, క్లిస్టర్ మందంగా ఉంటుంది కాబట్టి. స్కీలు బయట చల్లారాక మాత్రమే మంచు మీద పెట్టాలి. వెచ్చటి స్కీ మంచు మీద పెట్టిన మరుక్షణం ఐసింగే.

కరీంనగర్_కర్రలు:
వ్యాక్స్ సంగతి అయ్యింది కదా, కర్రల సంగతి మాట్లాడుదాం. గీ రేసు సగం కర్రలతోనే నడుస్తది. గెలిచేటోళ్ళు ఇప్పుడు గ్రిప్ వ్యాక్స్ లేకుండనే ఎక్కుతున్నరు, రెండు కర్రలతో ఒక్కసారే పొడుచుకుంట. దాన్ని డబుల్ పోలింగ్ అంటరు. రికార్డు 2021ది, 3 గంటల 28 నిమిషాలు. వాళ్ళను చూసి మనం గ్రిప్ తీసేస్తే సేలెన్ ఎక్కుడుల్నే పడతం. కానీ స్మోగన్ తర్వాత బురదనేలల మీద మైళ్ళకొద్దీ చదును, ఎవెర్ట్స్‌బెరి దాటినంక దిగుడు. ఆడ డబుల్ పోలింగ్ రాకపోతే రోజు గడవదు.

కర్ర పొడవు: క్లాసిక్ రూలు ప్రకారం బూట్లతో కలిపి ఎత్తులో 83 శాతం మించొద్దు. 172 ప్లస్ బూటు మూడు సెంటీమీటర్లు అంటే 175, దాని 83 శాతం 145. గంతకు మించి తీసుకోకు తమ్ముడూ. కొత్తోళ్ళకు 142.5 మంచిగుంటది, భుజం తక్కువ లేస్తది.

తప్పు ఏడ జరుగుతదంటే, మోచేతులు చాచి చేతుల బలంతో గుంజుతరు. 20 కి.మీ.కే ట్రైసెప్స్ చేతులెత్తేస్తయి. కర్ర కొన పాదం పక్కన పడాలె, మోచేయి 90 డిగ్రీల దగ్గర ఆగాలె, అప్పుడు కడుపు కండరాలు ముడిచి పైదేహం బరువు కర్ర మీద వెయ్యాలె. తిరిగి లేచేటప్పుడు మడమలు కొంచెం లేచి నడుము ముందుకు రావాలె. లేచుడు సగం పని, కొట్టుడు సగం పని.

మంచు లేని నెలల్ల రోలర్ స్కీలు. క్లాసిక్‌ది కొనుక్కో, చక్రాలల్ల రెండో నంబరు తీసుకుంటే మంచు మీద ఉండే రాపిడికి దగ్గరుంటది. ఒకటో నంబరు చక్రం మరీ వేగంగ పోతది, తారు రోడ్డు మీద ఆగుడు రాదు. కర్ర కొనకు కార్బైడ్ మొన పెట్టి వారానికోసారి డైమండ్ ఆకురాయితో సానబట్టు. మొన మొద్దుబారితే కర్ర జారి మణికట్టు పోతది. హెల్మెట్ లేకుండ దిగొద్దు. బ్రేకులు ఉండవు దీనికి.

ఉప్సల_లక్ష్మి:
కర్రల గురించి ఇంకో మాట. ఆ మొదటి ఎక్కుడులో విరిగే కర్రలే ఎక్కువ. గుంపులో కర్ర కొన పక్కవాళ్ళ స్కీ కింద పడుతుంది, వాళ్ళు అడుగేస్తారు, టక్కుమంటుంది. కర్రలు నిలువుగా, ఒంటికి దగ్గరగా, కొనలు మీ స్కీ పక్కనే ఉంచండి. పక్కకు చాపకండి. ఎదుటివాళ్ళ స్కీ వెనక కొస మీద కాలు వేయొద్దు, వాళ్ళు పడితే వెనక పదిమంది పడతారు. ఎక్కడం కూడా స్కీల ముందు కొసలు విప్పి, లోపలి అంచుల మీద చిన్న చిన్న అడుగులతోనే. ఆ తొక్కిసలాటలో ముందుకు దూరినా మీకు మిగిలేది రెండు నిమిషాలు, వచ్చేది గుండె దడ.

సామాను విషయం. పందెం ముందు వేసుకునే వెచ్చటి బట్టలు స్టార్ట్ దగ్గర సంచిలో పెట్టి ఇస్తే మూరా చేరుస్తారు. సంచి మీద నంబరు అతికించారో లేదో చూసుకోండి. వేచి ఉండేటప్పుడు పాత జాకెట్ ఒకటి, పాలిథిన్ కవరు ఒకటి చాలు. రేసుకు: లోపల ఉన్ని లేదా సింథటిక్, నూలు బనియన్ వద్దేవద్దు. పైన గాలి ఆగే సన్నటి జాకెట్. మైనస్ 10 దాటితే మెడకు బఫ్ (గొట్టంలాంటి గుడ్డ), చెవులు కప్పే టోపీ, లోపల సన్నటి గ్లవ్స్. మగవాళ్ళకు ముందుభాగంలో గాలి ఆపే గుడ్డ ఉన్న లోదుస్తులు. ఇది నవ్వులాట కాదు, చలిగాలికి అక్కడే ముందు దెబ్బ. నడుం బెల్టు సీసా గొట్టం గడ్డకట్టకుండా, తాగిన ప్రతిసారీ గొట్టంలో నీళ్ళు వెనక్కి ఊదేయండి.

బెజవాడ_టు_స్టాక్‌హోమ్:
లక్ష్మి గారూ, తిండి? నేను శాకాహారిని.

ఉప్సల_లక్ష్మి:
కంట్రోళ్ళలో దొరికేవి: నీళ్ళు, స్పోర్ట్స్ డ్రింక్, వేడి బ్లూబెర్రీ సూప్ (బ్లోబార్స్‌సొప్ప అంటారు, తీయగా ఉంటుంది, పిండితో చిక్కబెట్టినది), తీపి బన్ను, బులియన్ (ఉప్పటి వేడి చారు, మాంసంతో చేసినది కావచ్చు), తర్వాత్తర్వాత కాఫీ. వీటిలో బులియన్ ఒక్కటే మీరు అడిగి తాగాల్సింది, మిగతావి సమస్య కాదు. బన్నులో గుడ్డు, పాలు ఉండవచ్చు, అది మీ పట్టింపుని బట్టి.

గంటకు సుమారు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్క పెట్టుకోండి. ఇది కడుపుకు అలవాటు చేయాలి, ప్రాక్టీసులోనే. ఎనర్జీ జెల్స్ చలికి బంకలా గట్టిపడతాయి కాబట్టి గ్లవ్స్‌లోనో లోపలి జేబులోనో పెట్టండి. పల్లీ చిక్కీ గురించి కొందరు అడుగుతారు. మైనస్ 10లో అది రాయి, పన్ను పోతుంది. ఖర్జూరం నయం, గింజ తీసి ముక్కలు చేసుకోండి. ముఖ్యంగా ఆకలి వేశాక తినొద్దు. మోంగ్స్‌బోదర్నా నుంచే, అంటే సుమారు 24 కి.మీ. నుంచే పద్ధతిగా తినాలి. రీస్‌బెరి ముందు ఎక్కుడు ఉంటుంది, ఖాళీ కడుపుతో అక్కడికి వస్తే ఆ తర్వాత ఎవెర్ట్స్‌బెరి దాకా కష్టమే.

మినియాపోలిస్_మూర్తి:
మాకిక్కడ విస్కాన్సిన్‌లో బిర్కీ ఉంది (అమెరికన్ బిర్కెబైనర్, కేబుల్ నుంచి హేవర్డ్), స్కేట్ స్టైల్ (స్కీలను పక్కలకు తోస్తూ వెళ్ళేది) 50 కి.మీ., క్లాసిక్ 53. 90కి ముందు ఇలాంటి 50 ఒకటి చేసి చూడమని మాస్టారికి నా మద్దతు. రెండింటికీ ఒక తేడా: బిర్కీ దారి గుట్టలూ లోయలూ, కాళ్ళు అరుగుతాయి. వాసలోప్పెట్ చదునెక్కువ, వెన్నూ చేతులూ అరుగుతాయి. నార్వే బిర్కెబైనర్‌లో, అదే రేనా నుంచి లిల్లెహామర్ 54 కి.మీ., వీపున 3.5 కిలోల సంచి తప్పనిసరి. 1206లో పసి యువరాజును దాచి మోసుకుపోయిన గుర్తుగా. వాసలోప్పెట్‌లో సంచి బరువు రూలేమీ లేదు, కాబట్టి మోయకండి.

బెజవాడ_టు_స్టాక్‌హోమ్:
మంచు లేని వారాల్లో స్టాక్‌హోమ్ చుట్టుపక్కల ప్రాక్టీస్ ఎక్కడ?

మూరా_మాస్టారు:
ఓగెస్తా, లీదా. ఫిరంగులతో కృత్రిమ మంచు వేస్తారు, చుట్టు చిన్నదే, జనం ఎక్కువ. చుట్లు తిరగడం విసుగ్గా ఉంటుంది కానీ డబుల్ పోలింగ్‌కి అదే మంచిది. టూర్స్‌బీలో స్కీ సొరంగం ఉంది, లోపల 1.3 కి.మీ. దారి, 2006లో తెరిచారు. అక్కడ స్టైల్ సరిచేసుకోవచ్చు, దూరం నింపుకోవడానికి పనికిరాదు. వారానికి ఒకటి పొడుగు ప్రాక్టీసు, ఒకటి ఎక్కుళ్ళలో వేగంగా, ఒకటి మెల్లగా డబుల్ పోలింగ్ మాత్రమే. పొడుగుది మాత్రం 20, 25, 30 అంటూ పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించండి.

కరీంనగర్_కర్రలు:
మాస్టారూ, ఊక్స్‌బెరి తర్వాత సంగతి కూడా చెప్పుండ్రి. అందరు 62 కి.మీ. కాడ "ఇగ దిగుడే" అనుకుంటరు.

మూరా_మాస్టారు:
అవును, అది చెప్పాలి. దారి మొత్తం చూస్తే మొదటి ఎక్కుడుతో 528 మీటర్ల ఎత్తుకు చేరుతుంది, అక్కడ నుంచి మూరాకి దిగుడే అని కాగితం మీద కనిపిస్తుంది. కానీ ఊక్స్‌బెరి నుంచి హోక్‌బెరి దాకా మళ్ళీ ఎక్కుళ్ళున్నాయి. అప్పటికి చేతులు అయిపోయి ఉంటాయి, గ్రిప్ వ్యాక్స్ అరిగి ఉంటుంది. కనుక ఊక్స్‌బెరి వ్యాక్స్ బల్ల దగ్గర ఆగి ఒక పొర గ్రిప్ వేయించుకోండి. అక్కడ పోయే ఐదు నిమిషాలు తర్వాతి 9 కి.మీ.లో వసూలవుతాయి. కటాఫ్ టైములు ఆ ఏడాది జాబితా చూసి మణికట్టు మీద టేపులో రాసుకోండి. అవి గడియారం ప్రకారం, మీ టైము చిప్ ఎప్పుడు మొదలైందనేది దానికి లెక్కలోకి రాదు. చివరి గ్రూపు వాళ్ళకు ఇదే ముల్లు.

ఎల్‌ద్రిస్ దాటాక చీకటి పడవచ్చు, మార్చి మొదట్లో ఐదున్నర దాటాక వెలుతురు తగ్గిపోతుంది. చిన్న హెడ్‌ల్యాంప్ పెట్టుకోండి. మెల్లగా వెళ్ళేవాళ్ళు కుడి ట్రాకుల్లో ఉండాలి. పడితే ముందు ట్రాకు బయటికి దొర్లండి, తర్వాత లేవండి.

బెజవాడ_టు_స్టాక్‌హోమ్:
ఆఖరి ప్రశ్న. మధ్యలో ఆపేస్తే?

ఉప్సల_లక్ష్మి:
కంట్రోల్ దగ్గరే ఆపండి, రెండు కంట్రోళ్ళ మధ్య అడవిలో కాదు. అక్కడివాళ్ళకు నంబరు చెప్పండి, లేకపోతే మిమ్మల్ని వెతుకుతారు. అక్కడ నుంచి మూరాకి బస్సు ఉంటుంది, తడిసిన బట్టలతో వేచి ఉండాల్సి వస్తుంది కనుక లోపలి జేబులో పొడి గ్లవ్స్ ఒక జత ఉంచుకోండి. పొద్దున మూరా నుంచి సేలెన్‌కి బస్సు టికెట్ మాత్రం విడిగా ముందే కొనాలి, రేసు ఫీజులో అది లేదు. కారులో వెళ్తే కారు సేలెన్‌లో ఉండిపోయి మీరు మూరాలో తేలుతారు, అది మర్చిపోవద్దు.

ఊదా_వ్యాక్స్:
క్లిస్టర్ వేసుంటే రైలు ఎక్కే ముందు గ్రిప్ భాగానికి వంటింటి కాగితం చుట్టి పైన టేపు వేయండి. ఇంటికెళ్ళాక గీకుడుతో ఎంత వస్తే అంత తీసి, మిగిలింది వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి. చేతికంటినది వంటనూనెతో పోతుంది, సబ్బుతో పోదు. సీటు బట్టకు అంటితే అదిక పోదు.

స్కిన్_పార్టీ:
చూశారా.